ముప్ఫై రెండు గడులు

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి
రేడియోలో ఒకాయన గొంతు సవరించుకుని
"టేపులు సిద్ధం చేసుకోండి" అనేవాడు.
జ్రెన్యానిన్‌లో, బేగెయ్ నది వంతెనకి ఇవతల,
మూడో అంతస్తులో, మా వంటింట్లో
అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం.

తర్వాత వచ్చేది పాట కాదు.
ఇనప మూకుడుని మేకుతో గీకినట్టు
కీచురాళ్లకీ ఈలకీ పెళ్లి చేసినట్టు
నాలుగు నిమిషాల అరుపు.
వైరు కొనడానికి ఆ నెల డబ్బుల్లేక
మా అన్న రాదివోయ్ రేడియో ముందు మైకు పట్టుకుని
కొయ్యబారి నిలబడేవాడు.
ఆ అరుపులో ఒక పడవ, ఆరు ద్వీపాలు,
ఒంటికన్ను దొంగ ఒకడు ఉన్నారని
మేం నమ్మేవాళ్లం.

మూడో నిమిషంలో పెర్సిదా అత్త తుమ్మింది.

మా యంత్రం ట్రియెస్టె నుంచి
కాఫీ గింజల సంచి అడుగున దాక్కుని సరిహద్దు దాటింది.
చాలా రోజులు దాని రబ్బరు మీటలు
కాఫీ వాసన కొట్టేవి.
పాత టీవీ దానికి మొహం.
అడ్డంగా ముప్ఫై రెండు గడులు,
నిలువుగా ఇరవై నాలుగు.
అంతే ఇల్లు. అందులోనే సర్దుకోవాలి.

లెక్కల పుస్తకంలో పెన్సిలుతో ముందు గీసుకునేదాన్ని,
ఏ అక్షరం ఏ గడిలో కాపురముంటుందో.
అత్త జాడీల లెక్క నేను రాసిన మొదటి ప్రోగ్రాము:
ఎర్ర మిరప పచ్చడి పద్నాలుగు,
రేగుపళ్ల మురబ్బా తొమ్మిది.
మురబ్బాకి చివర ఒక అక్షరం చాల్లేదు.
"పోనీలే, తినేటప్పుడు కలుపుకుంటాం" అంది అత్త.

తప్పు చేస్తే అది మొహమ్మీదే చెప్పేది:
నూట నలభయ్యో వరుసలో తప్పు.
చెప్పి, ఆగి,
నల్ల చుక్క ఒకటి ఆర్పుతూ వెలిగిస్తూ
నాకోసం కూచునేది.
తెల్లారేదాకా కూచోమన్నా కూచునేది.

ఇప్పుడు నాకు యాభై ఆరు.
బల్ల మీద తెర కిటికీ అంత ఉంది.
నీళ్ల బిల్లు కట్టాలి.
ఊరంత గోడ మీద గోరంత మాట,
అదీ బూడిద రంగులో, వెలిసిన చీర అంచులా.
కళ్లజోడు మార్చి చదవబోతే
పైనుంచి ఒక పెట్టె దిగుతుంది,
కిందనుంచి ఒక పెట్టె లేస్తుంది,
మూలనుంచి ఎవరో "నేనేమైనా సాయం చెయ్యనా" అంటారు.
జరుగు నాయనా, అదే సాయం.

"చెల్లించు" మీద వేలు పెట్టబోయే క్షణాన
ఆలస్యంగా ఒక బొమ్మ వచ్చి కూలబడుతుంది,
మీట నాలుగు వేళ్లు కిందికి జారుతుంది.
నేను నొక్కింది ఇంకెవరినో.
ఇప్పుడు ప్రతి మంగళవారం నాకు
తోట గొట్టాల ధరలు ఉత్తరాలుగా వస్తున్నాయి.
నాకు తోట లేదు.

"ఏదో పొరపాటు జరిగింది" అంటుంది ఈ తెర.
ఏది? ఎక్కడ? ఎన్నో వరుసలో?
మూడు అడ్డగీతల వెనక తలుపేసుకుని పలకదు.

మా అన్న కొడుకు ఓగ్న్యెన్‌కి తెరలు గీయడమే ఉద్యోగం.
"ఖాళీ ఉండాలత్తా, ఖాళీ అంటే ఊపిరి" అంటాడు.
ఊపిరి సంగతి నాకు చెప్పకురా.
నాలుగు నిమిషాలు బిగబట్టిన దాన్ని.
మాకు ఒక్కో గడికీ అద్దె ఉండేది,
ఉత్తినే కూచునే అక్షరం ఉండేది కాదు.

(నిజం చెప్పాలంటే ఆ టీవీ కళ్లు మండించేది.
సగం ఆటలు ఎక్కేవి కావు.
ఆ మీటలు నొక్కీ నొక్కీ అన్న బొటనవేలు వాచింది.
ఇవన్నీ ఓగ్న్యెన్‌కి చెప్పలేదు.)

నిన్న అటక సర్దుతుంటే ఆ క్యాసెట్టు దొరికింది.
వేశాను.
మూకుడు, మేకు, కీచురాళ్లు.
ఓగ్న్యెన్ చెవులు మూసుకుని,
మెల్లగా ఒకటి తెరిచి,
"ఏముంది ఇందులో?" అన్నాడు.

పడవ ఒకటి, ఆరు ద్వీపాలు.
ఆగు, నాలుగోది వస్తోంది.
ఇదిగో,
ఇక్కడ మా అత్త తుమ్మింది.